రేవు మామ్మ వంతు

హమ్మయ్య, పంపేశాను. బస్సు అంచెట్టి చివరి ఇళ్ళు దాటుతుండగా ఒక చేత్తో ముందు సీటు కమ్మీ పట్టుకుని, ఇంకో చేతి బొటనవేలితో టకటకా కొట్టి పంపేశాను. చేరినట్టు టిక్కు కూడా పడింది, ఆ తర్వాతే మలుపు తిరిగి అడవి మొదలై ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఇక డెంకణికోట దాకా, ఇంచుమించు గంటసేపు, నేనూ ఈ చెట్లూ ఈ గతుకులూ. ఈ దారిలో సిగ్నలు లేదని మా ఊళ్ళో అందరూ తిట్టుకుంటారు గానీ, వారం మొత్తంలో నన్నెవరూ పిలవని గంట నాకిదొక్కటే, ఫ్యాక్టరీ లైను సూపర్‌వైజరు పిలవడు, అన్న పిలవడు, అమ్మ కూడా సంచీలో రాగిపిండి కుక్కి బస్సెక్కించి చేతులు దులుపుకుంది. కానీ అడవిలోకి వచ్చే ముందు ఎవరి మాటకైనా జవాబు ఇవ్వకుండా రావడం నాకు పడదు. ఎవరైనా మనకు రాసి ఎదురుచూస్తున్నప్పుడు రాలేకపోతే రాలేనని చెప్పాలి, చూస్తే చూశానని చెప్పాలి. ఒకప్పుడు నాకీ మర్యాద తెలియదు, నేర్పింది ఆమే, ఇప్పుడు జవాబు పంపింది కూడా ఆమెకే. పొద్దున్నే వచ్చింది ఆమె సందేశం, జంట బ్రాకెట్లలో, అంటే ఇది కథ కాదు, బయటి మాట అని గుర్తు. అమ్మ పోయింది, ఇవాళ మామ్మ రాదు, మీరు ఎదురుచూస్తారని చెబుతున్నాను, అని. నేను బస్సు కోసం పరిగెడుతూ చూశాను, ఎక్కాక రాశాను. అయ్యో అప్పుడేనా, ఇంకో పది రోజులు ఉండమనాల్సింది, మళ్ళీ ఎప్పుడొస్తుంది, అని. చివర ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టాను. పొడిపొడిగా సరే అనకుండా నాలుగు మంచి మాటలు రాశాను. కిటికీ పక్క సీటు కూడా దొరికింది, ఇవాళ రోజు బాగుంది.

మామ్మ ఎవరని నిన్న మా అన్న బాలాజి అడిగాడు. నేను గుమ్మంలో కూర్చుని ఫోను చూసి నవ్వుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు. “ఎవురితో మాట్లాడతా ఉండావు?” “మామ్మతో.” “మామ్మెవురు?” “పడవ నడిపే ముసలామె.” “యాడుంది పడవ?” “ఫోన్లో.” వాడు కాసేపు నన్ను చూసి, “ఫ్యాక్టరీలో గాలాడదేమో నీకు,” అని మేకల దగ్గరికి వెళ్ళిపోయాడు. నిజమే, ఎలా చెప్పాలి? కథల రేవు అని ఫోనులో ఒక గుంపు. మొదలుపెట్టింది అనంతకుమార్ అని హోసూరులో ఏదో ఆఫీసులో పనిచేసే ఆయన, ఆయన ఒక్కడి పేరే అందరికీ తెలుసు. హోసూరు, కృష్ణగిరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ళం కొంతమందిమి ఉంటాం, సగం నాలాంటి ఇక్కడివాళ్ళు, సగం ఆంధ్ర నుంచీ తెలంగాణ నుంచీ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు. తలా ఒక పాత్ర. ఏ రాజు కాలమో తెలియని కాలంలో కావేరి మీద ఒక రేవు, దాని చుట్టూ కథ. ఎవరి పాత్ర మాటా చేతా వాళ్ళే రాయాలి, ఒకరి తర్వాత ఒకరు, వంతుల మీద. ఏం జరగబోతుందో రాసేవాళ్ళకే తెలియదు, అదే అందులో రుచి. రేవులో పడవ నడిపే ముసలమ్మ మామ్మ, ఆమెను రాసేది ఆమె. మేకలు తోలుకొచ్చే పిల్ల చెన్ని, దాన్ని రాసేది నేను. ఇక్కడ పేరడగకూడదు, ఊరడగకూడదు, చెబితే విను, చెప్పకపోతే ఊరుకో అని అనంతకుమార్ గుంపు మొదట్లోనే రాసిపెట్టాడు. అందుకే రెండేళ్ళుగా రోజూ మాట్లాడుకుంటున్నా నాకు మామ్మ తప్ప ఆమె పేరు తెలియదు, హోసూరులోనే అద్దె గదిలో ఉంటుందని మాత్రం ఒకసారి తనే చెప్పింది. ఆమె అంటున్నాను గానీ ఆమేనని మాత్రం ఏముంది, మామ్మ ఆడదైతే రాసేవాళ్ళు ఆడవాళ్ళే కావాలా? అయినా ఆ మాటల్లోని పోపు వాసన చూస్తే మగవాళ్ళ పనని నమ్మబుద్ధి కాదు. హోసూరు బస్టాండులో ఎన్నిసార్లు ఒకరి కాలు ఒకరం తొక్కి సారీ చెప్పుకుని ఉంటామో.

మొదట్లో నేనెంత చెత్తగా రాసేదాన్నో! చెన్ని వచ్చింది. అంతే, ఒక్క ముక్క. పాపం అవతలివాళ్ళు దాన్ని పట్టుకుని ఏం చేయాలి, రా కూర్చో అనడం తప్ప? తర్వాత ఎవరో తిట్టారు ఇంకొంచెం రాయమని, నేను రెండో వైపుకు ఒరిగాను, వాన కురిపించాను, పిడుగులు వేశాను, చెన్ని మామ్మను పక్కకు నెట్టింది, మామ్మ బయపడి తెడ్డు ఇచ్చేసింది, చెన్ని పడవ తోలేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క దెబ్బకు అందరి పనీ నేనే చేసేశాను, చప్పట్లతో సహా. ఇంకొకరైతే గుంపులో అందరి ముందూ కడిగేసేవాళ్ళు. ఆమె గుంపులో ఏమీ అనలేదు, మామ్మ తెడ్డు ఎందుకిచ్చిందో మామ్మకే తెలియలేదు అని రాసి కథను నిలబెట్టింది. తర్వాత నాకు విడిగా రాసింది. పిల్ల చేయి మీది, మామ్మ చేయి నాకు వదిలేయండి, మీరు నెట్టండి, పడాలో వద్దో మామ్మ చూసుకుంటుంది, అని. సిగ్గుతో చచ్చాను. ఆ వారమంతా రాయలేదు. అప్పుడు మళ్ళీ ఆమే అడిగింది, పిల్ల మేకలకు మేత దొరికిందా, మామ్మ కనుక్కోమంటోంది, అని. అలా పిలిస్తే రాకుండా ఎవరుంటారు? అప్పటినుంచీ నేర్చుకున్నాను. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు, నిజమైనదొక్కటి రాస్తే చాలు, మేక చెవి వెనక తడిగా ఉందని రాశారు చూడండి, అదే నాకు రోజంతా గుర్తుంది అంటుంది. కథకు మూత పెట్టి చేతికి ఇవ్వొద్దు, అవతలివాళ్ళు పట్టుకోవడానికి ఒక కొస వదలాలి అంటుంది. ఎవరైనా రాసింది నచ్చకపోయినా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టొద్దు, దాన్నే తీసుకుని ముందుకు నడవాలి అంటుంది.

పైగా నా అక్షరాలు. అయిదో తరగతి దాకా తెలుగు బడి, తర్వాత అంతా తమిళమే, వత్తులన్నీ తమిళంలో కరిగిపోయాయి నాకు. భయానికి బయం అని రాస్తాను, ధైర్యానికి దైర్యం, భూమికి బూమి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆమె తప్పని అనలేదు. నేను బయం అని రాస్తే తర్వాతి వంతులో మామ్మకు భయం వేసేది. ఊరికే, అవసరం లేకపోయినా, మామ్మ నీళ్ళను చూసి భయపడేది, చీకటికి భయపడేది. చాలా రోజులు నేను గమనించనే లేదు, ఈ ముసలిదానికి ఇంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అనుకున్నాను. తెలిసిన రోజు లైనులో పని చేస్తూ ఒక్కదాన్నే ఇకిలించాను, పక్కన పనిచేసే భూమిక నన్ను వింతగా చూసింది. కావాలనే భూమి అని వత్తి పలికాను, అదింకా వింతగా చూసింది. ఎంత ప్రేమ ఉంటే మనిషి అలా దిద్దుతుంది? మా బళ్ళో అయ్యవారు స్కేలుతో దిద్దేవాడు.

ఈ మధ్య ఒక నెల నుంచీ మామ్మ మరీ రెచ్చిపోయింది. అమ్మ ఊర్నుంచి వచ్చింది, రాయడం కాస్త ఆలస్యమవుతుంది అని ఒకరోజు బయటి మాటలో చెప్పింది, సరే, తల్లి వస్తే ఎవరికైనా ఫోను గుర్తుంటుందా అనుకున్నాను. ఆలస్యమేమో గానీ వచ్చిన ప్రతి వంతూ పండగే. చెన్ని తల దువ్వుకోదని మామ్మకు కోపం, చెన్ని పస్తు ఉంటుందని కోపం, ఇదేం పిల్లర్రా బాబూ, ఒంటి మీద యావ లేదు, అని మామ్మ పడవలో ఉన్న కోమట్లతో గొడవ. ఇంత బాగా ఎలా వస్తున్నాయండీ ఈ మాటలు అని అడిగితే ఆమె చెప్పింది, మామ్మ వంతు ఇప్పుడు అమ్మ చెబుతోంది, నేను కొట్టి పెడుతున్నాను అంతే, రాత్రి అన్నం తినేటప్పుడు చదివి వినిపిస్తే ఎవరా పిల్ల, తిన్నదా లేదా ముందు అది కనుక్కో అంటోంది, అని. అది చదివి నేను నిజంగానే లేచి వెళ్ళి అన్నం వండుకున్నాను. హాస్టలు గదిలో ఈ రంజిత తిన్నదా అని నా గురించి అడిగే మనిషి ఎక్కడుంది? చెన్నిని అడిగినా నాకు సరిపోయింది. అందుకే పొద్దున ఆ అమ్మ పోయిందనగానే మనసులో ఏదో చివుక్కుమంది, ఇక మామ్మ మళ్ళీ చప్పబడుతుందే అని. పండక్కి వస్తుందేమో మళ్ళీ. వాళ్ళ ఊరు ఎంత దూరమో ఏమో, రైలెక్కి ఉంటుంది.

బస్సు ఒక గుడిసె ముందు ఆగింది, టమాటా బుట్టతో ఒక అవ్వ ఎక్కింది. ఇంత బస్సులో అందరినీ దాటుకుని వచ్చి నా పక్కనే కూలబడింది, బుట్ట సగం నా పాదాల మీద. “కొంచెం జరుగు పాపా. యాడికి పోతా ఉండావు?” “హోసూరుకవ్వా.” “పనికా?” “అవునవ్వా, మజ్జాన్నం షిఫ్టు.” “ఎవురి బిడ్డ?” “ఆంజప్ప బిడ్డ. అంచెట్టిలో మేకలోళ్ళు.” “ఓ, ఆంజప్ప బిడ్డవా! మీ నాయన దగ్గర కొన్న పోతును మా ఇంట్లో కోసినాము. నా పేరు కెంచమ్మ, మీ నాయన్ను అడుగు, చెప్తాడు.” ఇంకేం, పేరూ ఊరూ పనీ నాయనా, అనంతకుమార్ అడగొద్దన్నవన్నీ అడిగేసింది, అదీ బుట్ట సర్దుకునేలోపే. ఈమెను మా గుంపులో వేస్తే ఒక్క పూటకు అందరి ముసుగులూ ఊడతాయి. ఆ తలపుకు నవ్వొచ్చి కిటికీ వైపు తిరిగాను. కింద లోయలో ఎవరో ముసలాయన గొర్రెలు తోలుకుని పోతున్నాడు, తలకు ఎర్ర తువ్వాలు, అచ్చం మా తాత.

మా తాత అంటే చెన్ని తాత. వాణ్ణి కూడా నేనే రాసేదాన్ని, పాపం, ఎంత అన్యాయంగా చంపామో వాణ్ణి! కథలో చెన్నిని ఒంటరిగా రేవుకు పంపాలి, తాత అడ్డం. అందుకని తాతను సంతకు తరిమేశాను. పొద్దున్నే తాత పోయినాడు, చెన్ని ఒక్కతే మేకలతో రేవుకొచ్చింది, అని రాసి నా పనికి నేను వెళ్ళాను. టీ విరామంలో చూస్తే మామ్మ వంతు ఇంత పొడుగున వచ్చి ఉంది. మామ్మ పడవ ఒడ్డుకు లాగింది, తెడ్డు బోర్లించింది, ఇవాళ ఎవరినీ దాటించనంది, కోమట్లు గొణిగితే నోరు మూయించింది. చెన్నిని దగ్గరికి లాక్కోలేదు, కన్నీళ్ళు తుడవలేదు, పిల్ల చేయి నాది కదా, కదిలించలేదు. వెళ్ళి పక్కన చోటు వదిలి కూర్చుంది, అంతే. చదువుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు, తాత సంతకు పోతే దీనికింత ఏడుపెందుకు? బయటి మాటలో అడిగాను, తాత సంతకు పోయినాడండీ, పొద్దుగూకితే వస్తాడు, అని. గుంపంతా ఒకటే గోల! ఆంధ్రవాళ్ళంతా పోయినాడంటే చనిపోయాడని కాదా అంటారు, మావాళ్ళంతా చనిపోతే చచ్చిపోయినాడనో తీరిపోయినాడనో అంటాము గానీ పోయినాడంటే పోయినాడే, నడిచి పోయినాడు అంటారు. ఆమె ఎంత సిగ్గుపడిందో, మన్నించండి, మా వైపు మనిషి వేరే ఊరికి కదిలితే వెళ్ళాడనే అంటాం, పోయాడని అనం, నోటికి రాదు, అంది. నేనే అన్నాను, వద్దులెండి, మామ్మ అంత బాగా కూర్చుంది, ఇప్పుడు తాతను బతికించి ఆమెను లేపలేను, వాడు పోయినట్టే కానివ్వండి, అని. అప్పటినుంచీ గుంపులో ఎవరు పోయినాడని రాసినా, బస్సు టిక్కెట్టుతోనా, లేకుండానా, అని ఎవరో ఒకరు అడుగుతారు. ఎన్నిసార్లు అడిగినా నవ్వొస్తుంది. వాళ్ళ వైపు వెళ్ళాడనే అంటారట. పోయాడని అనరట. నోటికి రాదట.

వెళ్ళింది అనే అంటారు వాళ్ళు.

అమ్మ వెళ్ళింది అని రాయలేదు ఆమె.

సంచీలోంచి ఫోను తీశాను, జారి బుట్టలో పడింది, టమాటాల మీంచి తీసుకున్నాను. పాత సందేశం అలాగే ఉంది. అమ్మ పోయింది. కింద నాది. అప్పుడేనా. ఇంకో పది రోజులు ఉండమనాల్సింది. మళ్ళీ ఎప్పుడొస్తుంది. పక్కన పళ్ళికిలిస్తూ పసుప్పచ్చ బొమ్మ. దేవుడా. చెరిపేయబోయాను, తెర మీద చక్రం తిరుగుతా తిరుగుతా ఉండిపోయింది, సిగ్నలు లేదు. కిటికీలోంచి చేయి బయటకు చాపి ఫోను ఎత్తిపట్టాను, కొమ్మలు గీసుకున్నాయి. కండక్టరు వెనక నుంచి తమిళంలో అరిచాడు, చేయి లోపల పెట్టమ్మా అని. ఆమె చూసి ఉంటుంది. బొమ్మ చూసి ఉంటుంది. ఈ వేళకు ఇంటి నిండా ఎవరుంటారో, ఎవరూ ఉండరో, పరాయి ఊరు, అద్దె గది, అద్దె ఇంట్లో చావు జరిగితే ఇంటి ఓనర్లు ఏమంటారో నాకు తెలుసు. ఆ మధ్యలో ఫోను టింగుమంటే ఆశగా తీసి ఉంటుంది, రెండేళ్ళ నేస్తం కదా, ఒక మంచి మాట రాసి ఉంటుందని. ఉండమనాల్సింది అన్నాను నేను. ఉండమని ఆమె ఎంత మొత్తుకుందో! అయినా చూడు, తల్లి ప్రాణం పోయిన పొద్దున కూడా వంతు తప్పుతున్నానని నాకు చెప్పింది. ఫోన్లో మేకలు కాసే ఒక పిల్ల రేవులో ఎదురుచూస్తుందని గుర్తు పెట్టుకుని చెప్పింది. అలాంటి మనిషికి నేను చేసిన పని ఇది.

“ఏమాయె పాపా? ఏడస్తా ఉండావే? ఒళ్ళు బాగలేదా?” కెంచమ్మవ్వ నా మోచేయి పట్టుకుంది. “ఏం లేదవ్వా.” “ఏం లేకుండా ఎవురన్నా ఏడస్తారా? చెప్పు.” “నాకు కావాల్సినోళ్ళు ఒకరుండారవ్వా. వాళ్ళమ్మ పోయింది.” అవ్వ నా మొహంలోకి జాలిగా చూసింది. “యాడికి?”

ఆ ఒక్క మాటకు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చి ఏది బయటపడిందో కూడా తెలియలేదు. అడిగింది చూడు, నా అవ్వ, నాలాగే అడిగింది! ఈ కొండల్లో పుట్టిన దానివి ఇంకేం అడుగుతావు? “యాడికీ కాదవ్వా. చచ్చిపోయింది.” “అయ్యో తల్లీ! ఆ మాట ముందే చెప్పకూడదా?” అని నోటి మీద చెయ్యేసుకుంది. బస్సు కూడా ఎత్తు ఎక్కలేక ఏడుస్తోంది.

రాయాలి. సిగ్నలు వచ్చిన మొదటి క్షణంలో పంపడానికి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. మన్నించండి, నాకు అర్థం కాలేదు, మా భాషలో, అని మొదలుపెట్టాను. ఆగాను. ఇదంతా నా గోడు. ఆమె వంతులో నేనొచ్చి నా తప్పు గురించి పేజీలు రాస్తే, ఇప్పుడు ఆమె నన్ను ఓదార్చాలి, పరవాలేదండీ అనాలి, అంత పని పెట్టాలా ఈ రోజు? చెరిపాను. ధైర్యంగా ఉండండి. వత్తు సరిగ్గానే పడింది. కానీ ఆమె ధైర్యంగా ఉండాలో వద్దో రాయడానికి నేనెవరిని? ఏడవకండి. ఆమె కళ్ళు ఆమెవి. అమ్మ ఎక్కడున్నా మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. ఇది మరీ ఘోరం, చనిపోయినామె చేత కూడా నేనే పని చేయిస్తున్నాను. ఒక్కొక్కటే రాసి ఒక్కొక్కటే చెరిపాను. జనం చావింట్లో చెప్పే మాటలన్నీ ఇంతేనా? అన్నీ ఎదుటివాళ్ళ చేయి పట్టుకుని మనం కదిలించేవేనా? కథలో చేస్తే తప్పని రెండేళ్ళుగా నేర్చుకున్నది, బయట అందరూ అదే పనిగా చేస్తున్నారు. పిల్ల చేయి మీది, మామ్మ చేయి నాకు వదిలేయండి. సరే, మీ చేయి మీకు వదిలేశాను. మరి నా చేయి ఏం చేయాలి? నేను ఏం చేస్తున్నానో అది మాత్రమే రాయాలి. నేను ఏం చేస్తున్నాను? ఏమీ చేయడం లేదు, బస్సులో కూర్చుని ఉన్నాను, మధ్యాహ్నం షిఫ్టుకు పోతున్నాను. అదా రాసేది?

“అవ్వా, చావింటికి పోతే ఏం మాట్లాడతారు?” అవ్వకు నా ప్రశ్న వింతగా తోచింది. “మాట్లాడేదానికేముంది? పోయి కూచుంటారు. వాళ్ళు ఏడిస్తే ఏడస్తారు, లేకుంటే గమ్మున ఉంటారు. లేసొచ్చేటప్పుడు పోయొస్తానని మాత్రం చెప్పొద్దు, చెప్పకుండా వచ్చేయాల.” “యాడ కూచోవల్లో తెలీదవ్వా నాకు. ఇల్లు తెలీదు.” “అడుగు.” “పేరు గూడా తెలీదు.” “కావాల్సినోళ్ళంటివే?” “అవునవ్వా. రెండేండ్లుగా రోజూ మాట్లాడుకుంటాము.” “రెండేండ్లా! పేరడగలేదా?” “అడగకూడదవ్వా. అది మర్యాద.” కెంచమ్మవ్వ కొంగుతో మొహం తుడుచుకుని నన్ను తేరిపార చూసింది. నిందేమీ లేదు అందులో, నిజంగానే అర్థం కాక చూసింది. “అదేం మర్యాద పాపా,” అంది, “మనిషి చచ్చిపోయినప్పుడు గూడానా?”

ఏం చెప్పను? ఆ మర్యాద నన్ను రెండేళ్ళు కాపాడింది అవ్వా, అక్కడ నేను మేకలోళ్ళ పిల్లను కాను, వత్తులు రాని దాన్ని కాను, హాస్టలు గదిలో మూడో మంచం కాను, ఎవరూ ఏదీ అడగరు కనక ఏదైనా కాగలిగాను. ఆమెకు కూడా అంతే అయి ఉంటుంది, ఆమె ముసుగు వెనక ఏముందో, ఎందుకు దాచుకుందో. పేరు అడిగితే ఆమె తలుపు మూసేస్తే? ఇప్పటికే ఒక దెబ్బ కొట్టాను, ఇంకోటి కొట్టాలా? రెండేళ్ళలో నాకు దొరికిన ఒకే ఒక్క మనిషి, ఇవాళ నోరు జారి సగం పోగొట్టుకున్నాను, చేయి జారి మిగతా సగం పోగొట్టుకోనా? కానీ అడగకుండా, ఓం శాంతి అని ఒక మాటా రెండు చేతులు జోడించిన బొమ్మా పెట్టి, మధ్యాహ్నం లైనులో నిలబడి స్క్రూలు బిగిస్తూ ఉంటే, అక్కడెక్కడో మూడు వీధుల అవతల ఆమె ఒక్కతే కూర్చుని ఉంటే, దాన్ని మర్యాద అంటారా? చెన్ని రేవులో కూర్చుంటే మామ్మ పడవ ఆపేసింది. అది కథ కదా అంటే, కథలో ఆపగలిగిన మనిషిని బయట ఎందుకు వదిలేయాలి? నేను అడగను. అడిగితే ఆమె చెప్పాలో వద్దో తేల్చుకోవాలి, బరువు ఆమెది. ముందు నేను చెబుతాను. నా పేరు, నేను ఉన్న చోటు, నేను వెళుతున్న బస్సు. ఒక కొస వదులుతాను. పట్టుకోవాలో వద్దో ఆమె చూసుకుంటుంది. రాశాను. అన్నీ నా నోటి మాటలే వచ్చాయి, దిద్దలేదు.

చెట్లు పలచబడ్డాయి, రాగి చేలు, ఒక పట్టుపురుగుల షెడ్డు, గోడ మీద సిమెంటు ప్రకటన, డెంకణికోట వచ్చేస్తోంది. నా చేతిలో ఫోను ఒక్కసారిగా వణికింది, ఆగకుండా వణికింది. భూమికవి రెండు, మా అన్నది ఒకటి. మధ్యలో ఆమెది. తెరవాలంటే చేయి రాలేదు. “చూడు పాపా,” అంది కెంచమ్మవ్వ, తనకేదో తెలిసినట్టు, బుట్టను నా పాదాల మీంచి తీసుకుంటూ.

తెరిచాను. పొద్దున నుంచీ అన్నీ ఫోన్లే, అని రాసింది. ఎలా పోయింది, ఎన్నింటికి పోయింది, ఏం జబ్బు, ఇవే. మళ్ళీ ఎప్పుడొస్తుందని మీరొక్కరే అడిగారు. చదివి ఒక్క క్షణం నిజంగానే లెక్కేశాను, ఎప్పుడొస్తుందా అని. తర్వాత మీ ఊరి మాట గుర్తొచ్చి నవ్వాను, ఇవాళ నవ్వుతాననుకోలేదు. మీరు ఇప్పటికి గ్రహించి బాధపడుతూ ఉంటారు. వద్దు. ఆ మాట దిద్దకండి, అక్కడే ఉండనివ్వండి.

బస్సు ఆగింది, జనం తోసుకుంటున్నారు, నాకు అక్షరాలు అలుక్కుపోయి కనిపించడం లేదు. రాసిపెట్టుకున్నది అలాగే పంపాను. నా పేరు రంజిత. డెంకణికోటలో దిగతా ఉండాను. ఇప్పుడే హోసూరు బస్సెక్కతాను. షిఫ్టుకు పోను. మీరు రమ్మంటే వస్తాను, వద్దంటే బస్టాండులోనే కూచుంటాను.

దిగాను. కెంచమ్మవ్వ బుట్ట కిందికి అందించాను. ఆమె నా తల మీద ఒకసారి చెయ్యేసి, వెళుతున్నానని చెప్పకుండానే జనంలోకి నడిచింది. కెలమంగలం మీదుగా పోయే హోసూరు బస్సు అప్పటికే ఇంజను ఆన్ చేసి ఉంది. మెట్టు మీద కాలు పెట్టినప్పుడు వచ్చింది జవాబు. ఈసారి బ్రాకెట్లు లేవు.

రంజిత గారూ, నా పేరు యోగేష్. బాగలూరు రోడ్డులో వాటర్ ట్యాంకు వెనక సందు, నీలం గేటు, మేడ మీద గది. ఇక్కడ నేనొక్కడినే ఉన్నాను. మమ్మల్ని ఊరికి తీసుకెళ్ళే బండి మధ్యాహ్నానికి గానీ రాదు. త్వరగా రండి. మీ మాటలో చెప్పాలంటే, అమ్మ ఇంకా పోలేదు.